ఇంటి సంగతులు మాత్రమే

పరశురాం అక్కడ ఇంకో ఆడమనిషితో ఉంటున్నాడన్న మాట స్వర్ణ చెవిన పడేసరికే నాంపల్లిలో వాళ్ల వాడకట్టులో అది పాతబడిపోయింది. ఆ మాట మోసుకొచ్చినవాడు భూమయ్య. అతనూ, స్వర్ణ భర్త పరశురామూ నారాయణపేట వైపు పక్కపక్క ఊళ్లవాళ్లు. ఆఫ్రికా తూర్పు తీరాన ఒక చిన్న దేశం ఓడరేవులో టిప్పర్లు నడపడానికి ఇద్దరూ ఒకే విమానంలో వెళ్లారు. ఆ దేశం పేరు స్వర్ణకు ఎప్పుడూ సరిగ్గా నోరు తిరగలేదు. ఇంట్లో అందరూ దాన్ని 'పోర్టు' అనేవాళ్లు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. శుక్రవారం వచ్చిందంటే పరశురాం తల్లి కొండమ్మ ఫోన్ మోగేది. కొడుకు ఎప్పుడూ ఆమె నంబరుకే చేసేవాడు. ఆమె తనివితీరా మాట్లాడి, "ఇగో, నీ పెండ్లానికిస్తున్న" అని ఫోన్ స్వర్ణ చేతిలో పెట్టి, అక్కడే కూర్చుని మిగతా మాటలు కూడా వినేది. ఉన్నది ఒకటే గది, ఎక్కడికి పోతుంది పాపం.

తర్వాత ఆ దేశంలో ఎన్నికల గొడవలు ముదిరి, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. చీకటి పడితే కర్ఫ్యూ, వీధుల్లో సైన్యం. ఫోన్లు, ఇంటర్నెట్టు అన్నీ ఆపేశారు. లైన్లు మళ్లీ కలిశాక అక్కడున్న మనవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు ఫోన్లు చేసుకున్నారు. పరశురాం చేయలేదు. స్వర్ణ చేస్తే అతని ఫోన్ మోగలేదు. కంపెనీవాళ్లను కనుక్కుంటే, పని వదిలేసి ఎటో పోయాడు, మాకేం సంబంధం లేదన్నారు.

అప్పుడే భూమయ్య తిరిగొచ్చాడు. రేవు వెనక బస్తీలో ఒకామె హోటల్ నడుపుతుందట. పరశురాం తరచూ అక్కడే తినేవాడట. "నేనైతే కండ్లతోటి చూడలే. అందరు అనుకుంటున్నరు" అన్నాడు. నలుగురికీ ఆ మాత్రం చాలింది.

కొండమ్మ కోడలిని తిట్టలేదు. తిడితే స్వర్ణ ఎట్లాగో సర్దుకునేది. ఆమె మాట్లాడటం మానేసింది. అన్నం వండి ముందు పెడితే గోడకేసి చూస్తూ తినేది. మందుబిళ్ల చేతిలో పెడితే మింగేది. ఒక్కసారి మాత్రం, స్వర్ణ వీపు నిమురుతూ నూనె రాస్తుంటే, "ఫోన్ల గూడ మొగనితోటి కొట్లాడితే ఎవడుంటడు?" అంది. స్వర్ణ చేయి ఆగిపోయింది. చివరిసారి ఫోన్‌లో కొట్లాడిన మాట నిజమే. తననొక్క మాట అడగకుండా ఇంకో ఏడాదికి అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడని కొట్లాడింది. 'నువ్వు గాడనే ఉండు, రాకు' అని కూడా అంది. కోపంలో అనే మాటలకు లెక్కేముంది. కానీ ఆ తర్వాత ఇంకో మాట అనే వీలే రాలేదు.

వానాకాలం మధ్యలో కొండమ్మకు కాళ్లు వాచాయి. షుగర్ మూత్రపిండాల దాకా పోయిందన్నారు. దవాఖానలో చేర్చిన తర్వాత కూడా ఆమె నర్సులతో మాట్లాడేది, పక్క మంచం వాళ్లతో మాట్లాడేది, స్వర్ణతో మాత్రం మాట్లాడలేదు. అట్లాగే పోయింది. ఊరి నుంచి ఆమె తమ్ముడు బిచ్చయ్య వచ్చి తలకొరివి పెట్టాడు. పెట్టి, కొడుకు బతికుండగా ఈ పని తన నెత్తిన పడిందని నలుగురిలో అన్నాడు. వినేవాళ్లు స్వర్ణ వైపు చూశారు.

ఆ తర్వాత వాళ్లున్న పాత ఇల్లు కూల్చేస్తామని ఓనరు ఖాళీ చేయించాడు. స్వర్ణ రెండు సందుల అవతల, నాంపల్లి స్టేషన్ వెనకాలే, మేడమీద ఇంకో గది కిరాయికి తీసుకుంది. అత్త ఫోన్ డబ్బాలో పెట్టింది. కొన్నాళ్లు రీఛార్జి చేయించింది. రాని ఫోన్ కోసం ఎందుకని తర్వాత మానేసింది. ఆ సిమ్ తన పాటికి తాను మూగబోయింది.

*

స్వర్ణ పనిచేసేది అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, కోటేశ్వరమ్మ దుకాణంలో. చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇచ్చే చిన్న దుకాణం. కోటేశ్వరమ్మ మామగారు ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. స్వర్ణ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఎత్తేది కాదు, అదే పదివేలు.

పెళ్లిళ్ల కాలం. ఒక మధ్యాహ్నం చీరల మూటలు గడప దాకా వచ్చి ఉండగా, అరవై దాటిన మనిషి ఒకాయన ఆ మూటల అవతల నిలబడి, "ఇక్కడ స్వర్ణగారని ఎవరైనా పనిచేస్తున్నారాండీ?" అని అడిగాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పొద్దుటి నుంచి ఫాల్ కుట్టే దుకాణం కనిపించిన చోటల్లా అదే మాట అడుగుతూ వస్తున్నట్టున్నాడు.

"ఎవరు మీరు? ఆవిడతో ఏం పని?" అంది కోటేశ్వరమ్మ.

"ఆమెకే చెప్పాలండీ. ఇంటివాళ్ల కబురు."

"ఆవిడకు ఇంటివాళ్లంటూ ఎవరూ లేరు."

స్వర్ణ మిషను ఆపి లేచింది. "నేనే సార్."

ఆయన పేరు విశ్వనాథ్ అని చెప్పాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడట. స్టూలు వేస్తే కూర్చున్నాడు, మంచినీళ్లు ఇస్తే తాగాడు. తర్వాత, తప్పుగా అనుకోవద్దని, ముందు రెండు మాటలు అడగాలన్నాడు. మామగారి పేరేమిటి అని అడిగాడు. సాయన్న అని చెప్పింది. మీ ఆయన్ని చిన్నప్పుడు ఇంట్లో ఏమని పిలిచేవారు అని అడిగాడు.

అందుకు స్వర్ణకు కాస్త సమయం పట్టింది. "చిటికెడు అని పిలుస్తుండె మా అత్త. పుట్టినప్పుడు గంతే ఉండెనంట."

విశ్వనాథ్ తల ఊపాడు. "మీ ఆయన బతికే ఉన్నారమ్మా. ఆరోగ్యంగా ఉన్నారు. జైల్లో ఉన్నారు."

కోటేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్వర్ణ నిలబడిన చోటే నిలబడి, "ఒక్కడే ఉన్నడా?" అంది.

"లేదమ్మా. ఆ గదిలో చాలామంది ఉన్నారు. పడుకోవడానికి కూడా వంతులు వేసుకునేవారట. ఇప్పుడు కొంత నయం."

"గట్ల గాదు సార్..." అని ఆగిపోయింది.

"ఆడమనిషి సంగతి అడుగుతోందండీ" అంది కోటేశ్వరమ్మ. "ఎవరితోనో ఉంటున్నాడని ఇక్కడ చెప్పారు దీనికి."

విశ్వనాథ్‌కు అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించి నెమ్మదిగా చెప్పాడు. కర్ఫ్యూ మొదలైన కొత్తలో ఒక సాయంత్రం టిప్పరు టైరు పంచరై, పరశురాం దారిలోనే చిక్కుకుపోయాడు. సైనికులు ఆపారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. వచ్చిన భాష చాల్లేదు. ఆ పూట రోడ్డు మీద దొరికిన వాళ్లందరితో పాటు అతన్నీ తీసుకుపోయారు. అత్యవసర పరిస్థితి చట్టం కింద పట్టుకున్న వాళ్లను కోర్టుకు చూపించక్కర్లేదు, ఇంటికి కబురు చేయనక్కర్లేదు. "ఆ పూట నుంచి ఆయన ఎక్కడికీ వెళ్లలేదమ్మా. జైల్లోనే ఉన్నారు."

స్వర్ణ మూటల మధ్య కూర్చుండిపోయింది. ఆమె ఏడుస్తుందనుకుని కోటేశ్వరమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె ఏడవలేదు. మొహంలో బిగుతేదో వదిలినట్టయి, పిచ్చిదాని మాదిరి కొంచెం నవ్వింది. మొగుడు జైల్లో ఉన్నాడంటే నవ్వు వచ్చిన మనిషి తను తప్ప ఈ లోకంలో ఇంకెవరైనా ఉంటారా అనిపించి, ఆ నవ్వును చేత్తో తుడుచుకుంది.

"గీ సంగతి మీకెట్ల ఎరుక సార్?"

యుద్ధాలు, అత్యవసర పరిస్థితులు వచ్చినప్పుడు జైళ్లలోకి వెళ్లి ఖైదీలను చూసే ఒక సంస్థ ఉందని ఆయన చెప్పాడు. ఎవరు నేరం చేశారు, ఎవరు చేయలేదు అన్న జోలికి వాళ్లు పోరు. మనిషి ఉన్నాడా, తింటున్నాడా, కొడుతున్నారా అన్నది చూస్తారు. ఆ ప్రభుత్వం చాలాకాలం వాళ్లను గేటు దాటనీయలేదు. అడిగి అడిగి ఇప్పుడు ఒప్పించారు. లోపలికి వెళ్లాక కాపలావాళ్లను బయట ఉంచి, ఒక దుబాసీని పెట్టుకుని ఒక్కొక్క ఖైదీతో విడిగా మాట్లాడతారు. చివర్లో, ఇంటికి ఏమైనా చెప్పాలా అని అడుగుతారు. ఆ మాటే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి, ఢిల్లీకి, అక్కడి నుంచి తన దాకా వచ్చింది. "నేను చివరివాణ్ని. ఇళ్లు వెతికి చెప్పడం వరకే నా పని. ఆయనకు గుర్తున్న నంబరు పనిచేయలేదు. మీ పాత ఇల్లు లేదు. అబిడ్స్‌లో ఫాల్ కుడుతుందని పక్కింటివాళ్లు చెప్పారు."

డబ్బాలో మూగబోయిన సిమ్ గుర్తొచ్చి స్వర్ణ తల దించుకుంది.

"ఏమని చెప్పిండు సార్?"

విశ్వనాథ్ జేబులోంచి కాగితం తీశాడు గానీ దాన్ని చూడలేదు. ఆయనకు ఆ మాటలు నోటికి వచ్చు. "'నేను మంచిగున్న. అమ్మ మందులు వేళకు వేస్కుంటున్నదా? స్వర్ణా, నా మీద కోపం పెట్టుకోకు. ఫోన్ చేసే వీలు లేదు.' అంతేనమ్మా."

స్వర్ణ ఆ మాటలు మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి అడగడానికి మొహమాటపడింది.

"ఆయన్ని చూసిందెవరు?"

"ఒకావిడ. విదేశీయురాలు. ఆవిడ పేరు నాకూ తెలియదు."

"ఎదురుంగ కూసున్నదా?"

"కూర్చునే ఉంటారు."

"మనిషి ఎట్లున్నడన్నది?"

"చిక్కారట. నడుస్తున్నారు, తింటున్నారు. అంతకు మించి నాకు రాలేదమ్మా."

ఎవరో తెలియని ఆ ఆడమనిషి పరశురాం ఎదురుగా కూర్చుంది. అతని గొంతు వింది. తనకు వచ్చినవి ఆ గొంతు పోగా మిగిలిన మాటలు. అయినా అవి అతనివే. 'కోపం పెట్టుకోకు' అన్నది అచ్చం అతను అనే తీరే.

*

ఆ సాయంత్రం స్వర్ణ ఆటో ఎక్కలేదు, బస్సు ఎక్కలేదు. అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచే వచ్చింది. దారిపొడవునా ఎవరికో ఒకరికి చెప్పాలనే ఉంది. మనిషికి దుఃఖం వస్తే పంచుకోవడానికి దిక్కు లేకపోవడం మామూలే. సంతోషం వస్తే కూడా దిక్కు లేకపోవడం ఆమెకు అప్పుడే తెలిసింది.

మెట్ల దగ్గర ఇంటి ఓనరు వీరమ్మ బియ్యం చెరుగుతూ కనిపించింది. స్వర్ణ ఆగి, "మా ఆయన సంగతి తెలిసింది పెద్దమ్మా. జైల్ల ఉన్నడంట" అంది. వీరమ్మ చేట పక్కన పెట్టింది. "అయ్యో, జైల్లనా? ఏం చేసిండు?" ఏమీ చేయలేదని, కర్ఫ్యూలో దొరికాడని స్వర్ణ ఎంత చెప్పినా, ఆమె "ఊరికే ఎవరు పట్టుకపోతరు బిడ్డా" అంది. జాలిగానే అంది. తెల్లారేసరికి ఆ జాలి పక్క ఇళ్లకు కూడా పాకింది.

బిచ్చయ్యకు ఫోన్ చేస్తే అతను విసుక్కున్నాడు. "ఇంకోదాన్ని ఉంచుకున్నడంటే మగోడు గదా అని ఊకున్నం. గిప్పుడు జైలా? ఊర్ల జెప్పకు. నా బిడ్డకు సంబంధాలు జూస్తున్న" అన్నాడు.

"తప్పేం జెయ్యలేదు మామా."

"నువ్వు జూసినవా?"



భూమయ్య దగ్గరికి మాత్రం తనే వెళ్లింది. అతను గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో డ్రైవరుగా చేరాడు. లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నవాడు ఆమె మాట విని బయటికి వచ్చాడు. అంతా విని, చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నేను అనుకున్నదే జెప్పిన వదినా."

"అనుకున్నది జెప్పినవ్. మా అత్త గదే నమ్మి పోయింది."

భూమయ్య టీ తెప్పిస్తానన్నాడు. వద్దని స్వర్ణ వచ్చేసింది. అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ సగం దారికే అది తన మీదికి తిరిగింది. అతను చెప్పాడు సరే, నమ్మింది ఎవరు?

*

జవాబు చెప్పడానికి విశ్వనాథ్ ఆదివారం రమ్మన్నాడు. నాంపల్లిలోనే, ఒక పాత భవనం మేడమీద చిన్న గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, తిరిగితే చప్పుడు చేసే ఫ్యాను.

ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో ఆయన ముందే వివరించాడు. ఇంటి సంగతులు మాత్రమే. కేసు ఊసు వద్దు. కంపెనీ ఊసు వద్దు. ఆ దేశం గురించి, ప్రభుత్వం గురించి, ఎప్పుడు వదులుతారన్న దాని గురించి ఒక్క ముక్క వద్దు. అట్లాంటి ఒక్క మాట పోయినా మిగతా వాళ్ల కబుర్లు కూడా ఆగిపోతాయి, సంస్థవాళ్లకు మళ్లీ గేటు తెరుచుకోకపోవచ్చు. "నాలుగు ముక్కల్లో చెప్పండమ్మా. మీరు ఎట్లా చెబితే అట్లాగే పంపిస్తాను."

స్వర్ణ చాలా మాటలు కూడగట్టుకుని వచ్చింది. తీరా కుర్చీలో కూర్చున్నాక అన్నిటికీ అడ్డంగా ఒకటే ప్రశ్న నిలబడింది. అమ్మ మందులు వేళకు వేస్కుంటున్నదా?

"సార్, మా అత్త సచ్చిపోయింది."

విశ్వనాథ్ కలం బల్ల మీద పెట్టాడు.

"గది చెప్పొచ్చునా?"

"చెప్పొచ్చు. అది ఇంటి సంగతే."

"చెప్పాల్నా?"

"అది నేను చెప్పలేనమ్మా. చెప్పమన్నవాళ్లూ ఉన్నారు, దాచమన్నవాళ్లూ ఉన్నారు. ఎవరికీ నేను సలహా ఇవ్వలేదు." కుర్చీ వెనక్కి జరిపి, "తొందరేం లేదు. బయట కాస్త తిరిగి రండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నాడు.

ఆమె కిందికి దిగి అబిడ్స్ వైపు నడిచింది. ఆదివారం కాబట్టి దుకాణాలన్నీ మూసి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వంగి పుస్తకాలు తిరగేసే జనం మధ్య నుంచి ఆమె ఎవరినీ తగలకుండా పోతూ ఉంది.

చెప్పకపోతే ఏమవుతుంది? అమ్మ బాగుందనుకుంటాడు. కటకటాల వెనక ఉన్న మనిషికి అదొక ధైర్యం. ఎప్పుడో తిరిగొచ్చాక తెలుస్తుంది, అప్పుడు పక్కన తనుంటుంది. ఇదొక న్యాయం.

కానీ మళ్లీ ఆ విదేశీ ఆవిడ వెళుతుంది. మళ్లీ అడుగుతాడు, అమ్మ ఎట్లుందని. మంచిగుంది అని తను పంపించాలి. ఆ అబద్ధాన్ని విశ్వనాథ్ సార్ మోయాలి, ఢిల్లీవాళ్లు మోయాలి, పాపం ఎవరో ఏమిటో తెలియని ఆ ఆవిడ మోసుకుపోయి అతని ఎదుట కూర్చుని చెప్పాలి. ఇంతమంది నోళ్లు మారినా తన దాకా చెక్కుచెదరకుండా వచ్చింది అతని మాట. తను పంపేది కూడా అట్లాగే పోవాలి. ఒకసారి గాలి మాట నమ్మి ఇంట్లో ఎవరూ బాగుపడలేదు. ఇంకో వట్టి మాట తన నోటి నుంచి వద్దు.

అదీ గాక, తల్లి పోయిందని తెలియకుండా కొడుకు నవ్వడం, తినడం... అతనికి తర్వాత తెలిస్తే ఆ తిన్న ప్రతి ముద్దా గొంతుకు అడ్డం పడుతుంది. ఆ మనిషి సంగతి ఆమెకు తెలుసు.

తిరిగి మెట్లెక్కేసరికి విశ్వనాథ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"రాసుకోన్రి సార్. 'అమ్మ వానాకాలంల పోయింది. షుగర్ ఎక్కువైంది. దవాఖానల నేనున్న పక్కన. బిచ్చయ్య మామ కొరివి పెట్టిండు. ఏ లోటు రాలే.'"

విశ్వనాథ్ రాశాడు.

ఆమె ఇంకా ఏదో చెబుతుందని చూశాడు. చెప్పగలిగింది చాలానే ఉంది. నువ్వు తప్పు చేశావని అనుకుంటూనే అమ్మ పోయింది అని చెప్పొచ్చు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా పోయింది అని చెప్పొచ్చు. అవి ఇంటి సంగతులే. కానీ ఆమె వాటిని మింగేసింది. అవి మోయడానికి తనొక్కతి చాలు, ఇంకో మనిషి ఎందుకు?

"'నాకు నీ మీద కోపం లేదు.' గిది గూడ రాయున్రి."

"రాశానమ్మా."

"సార్, ఇంకొకటి. గిది ఆయనకు గాదు. గా మేడంకు."

"చెప్పండి."

"అమ్మ సంగతి చెప్పినంక వెంటనే లేచిపోవద్దని చెప్పున్రి. ఇంకేం మాట్లాడకున్న మంచిదే. జర సేపు ఎదురుంగ కూసోమనున్రి. గాడ ఆయనకు మనవాళ్లెవరు లేరు గద."

విశ్వనాథ్ ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు. ఇట్లాంటి మాట ఆయన ఎవరి దగ్గరా రాసుకోలేదు. కాగితం కింద వేరే గీత గీసి, ఆ మాట ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాడు.

*

తర్వాత రోజులు ఎట్లా గడిచాయంటే, గడిచాయి అంతే. అక్కడ అత్యవసర పరిస్థితిని మళ్లీ పొడిగించారని విశ్వనాథ్ ఫోన్ చేసి చెప్పాడు. సంస్థవాళ్లకు రెండోసారి లోపలికి వెళ్లే అనుమతి ఇస్తామంటూనే ఇవ్వడం లేదట. పెళ్లిళ్ల కాలం అయిపోయింది, దుకాణంలో పని పలచబడింది. కోటేశ్వరమ్మ అప్పుడప్పుడు "ఏమన్నా తెలిసిందా?" అని అడిగేది. లేదనేది స్వర్ణ. పొద్దుపోయాక గదికి వచ్చి, రైళ్ల అనౌన్సుమెంట్లు వింటూ అన్నం తినేది. పంపిన మాట ఎక్కడుందో తెలియదు. ఏ బల్ల మీదో ఉండొచ్చు, ఏ గేటు బయటో ఉండొచ్చు. అతను ఇంకా తల్లి ఉందనే అనుకుంటున్నాడు. ఇవాళ కూడా అనుకుంటున్నాడు. ఆ ఎరుక రోజూ పొద్దున లేవగానే ఆమె మీద కూర్చునేది.

చలి తిరుగుముఖం పట్టే వేళకు విశ్వనాథ్ ఫోన్ చేశాడు. ఫోన్‌లో చెప్పనని, గదికి రమ్మన్నాడు. వెళితే టీ తెప్పించాడు. ఆమె గ్లాసు కింద పెట్టేదాకా ఆగాడు.

"వాళ్లు వెళ్లారమ్మా. ఆవిడే వెళ్లారు. చెప్పారు."

"ఏమన్నడు సార్?" అంది స్వర్ణ.

"ఆయన ఏమీ అనలేదట. తల వంచుకుని కూర్చున్నారట. ఆవిడ లేవలేదు. కాపలా మనిషి టైమైందని తలుపు దగ్గరికి వచ్చాడట. ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు. మళ్లీ వచ్చాడు, మళ్లీ ఆగమన్నారు. అట్లా చాలాసేపు. తర్వాత ఆయన మంచినీళ్లు అడిగారు. తాగి, గుండు చేయించుకోవాలి అన్నారట."

స్వర్ణ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆవిడకు అది అర్థం కాలేదు. దుబాసీకి కూడా కాలేదు. తల్లి పోతే కొడుకు జుట్టు తీయించుకోవాలని ఆయనే విడమరిచి చెప్పారు. ఆవిడ జైలరు దగ్గరికి వెళ్లి అడిగారు. జైలరు మొదట కుదరదన్నాడు. తన తల్లి కూడా ఈ మధ్యే పోయిందని తర్వాత అన్నాడట. ఇంకో ఖైదీ, మంగలి పని తెలిసినవాడు, జైలు ఆవరణలోనే తీశాడు. ఆవిడ ఉండగానే జరిగింది. ఆ తర్వాతే వాళ్లు బయటికి వచ్చారు."

ఫ్యాను తిరగడం లేదు. కింద ఎవరో ఆటో బేరమాడుతున్నారు. స్వర్ణకు ఇన్ని నెలల తర్వాత ఏడుపు వచ్చింది. విశ్వనాథ్ లేచి వెళ్లిపోలేదు. బల్ల అవతల తన కుర్చీలో, ఎటో చూస్తూ, అట్లాగే కూర్చున్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నాక, ఆయన కబురు చెప్పాడు. "'స్వర్ణా, అమ్మను ఒక్కదానివే చూసుకున్నవ్. నీకు నేను చాలా బాకీ. ఇప్పుడు నువ్వెట్లున్నవో చెప్పలేదు. అది చెప్పు.' ఇదీ మాట."

ఆ సాయంత్రం ఆమె బిచ్చయ్యకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. జైలు అన్న మాట వినగానే అతను ఫోన్ పెట్టేస్తాడేమోననుకుంది. అతను పెట్టలేదు.

"గుండు చేయించుకున్నడా?"

"ఔ మామా."

"జైల్ల?"

"ఔ."

"నీళ్లు పోసెటోళ్లు గూడ లేకుంటిరి గదరా చిటికెడు" అన్నాడు తనలో తను. తర్వాత ఊళ్లో తనే చెబుతానన్నాడు. అక్క మాసికానికి రమ్మన్నాడు. ఎవరేమన్నా తను చూసుకుంటానన్నాడు.

స్వర్ణ వెళ్లి వచ్చింది. ఊరు పూర్తిగా మారిపోయిందని చెప్పలేం. కొందరు పలకరించారు, కొందరు జైలు సంగతులు ఆరా తీశారు. పూజ దగ్గర మాత్రం బిచ్చయ్య ఆమెను ముందుకు పిలిచి పీట చూపించాడు.

నాంపల్లికి తిరిగి వచ్చాక మళ్లీ విశ్వనాథ్ ముందు కూర్చుంది. అక్కడ అత్యవసర పరిస్థితి తొలగలేదు. సంస్థవాళ్ల మూడో రాకకు అనుమతి రాలేదు. విదేశీ ఖైదీల సంగతి ఎప్పుడో విచారిస్తారంటున్నారు, ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. అయినా మాట సిద్ధంగా ఉంటే గేటు తెరిచిన రోజున పోతుందని విశ్వనాథ్ అన్నాడు.

"ఇంటి సంగతులే చెప్పాలె గద సార్?"

"అవునమ్మా."

"ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న."

"అయితే మీ సంగతే చెప్పండి."

ఆమె ఆలోచించింది. తన గురించి ఎవరైనా అడిగి చాలాకాలమైంది. చెప్పడానికి ఏముంటుందో ఆమెకే తెలియలేదు. విశ్వనాథ్ తొందరపెట్టలేదు.

"మేడమీద రూం తీసుకున్న. మంచి గాలి వస్తది. కిటికీల నుంచి పట్టాలు కనపడ్తయి" అంది చివరికి. "పొద్దుగాల వండుకొని, మధ్యాహ్నానికి డబ్బా పెట్టుకొని పోత. పండుకునే ముందట రేడియో పెట్టుకుంట. ఒక్కదాన్నే ఉంటే ఇల్లు బాగ సప్పుడు లేకుంట ఉంటది."

చివరి వాక్యం దగ్గర విశ్వనాథ్ కలం ఆపి, ఉంచనా అన్నట్టు చూశాడు.

"ఉంచున్రి సార్" అంది స్వర్ణ. "అడిగిండు గద."